చిన్న బాయికి రాజ్యసభ

టీవీలో నియోజకవర్గాల పునర్విభజన గురించి చర్చ మొదలైతే చాలు, నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోతాను. జనాభా ప్రకారం సీట్లు పంచితే ఉత్తరాది పెద్ద రాష్ట్రాలకే పెరుగుతాయని ఒకరు అంటారు. కుటుంబ నియంత్రణ పాటించినందుకు మనకు శిక్షా అని ఇంకొకరు అడుగుతారు. మనిషికొక ఓటు అన్నాక లెక్క లెక్కేనని మరొకరు బల్ల గుద్దుతారు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ వినరు. నా భార్య మాత్రం రిమోట్ పక్కన పెట్టుకుని శ్రద్ధగా చూస్తుంది.

"మీకు గీ ముచ్చటంటె ఎందుకంత చిరాకు? మీరు జెప్పిన పాఠమే గద" అంటుంది.

నేను చెప్పిన పాఠం కాబట్టే చిరాకు.

గోదావరిఖనిలో ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా నవ్వులపాలయ్యే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ "రాజ్యసభ" అని పిలుస్తారు. అలా పిలిచే కుర్రవాళ్లలో చాలామందికి ఆ పేరెందుకొచ్చిందో తెలియదు. తెలుసనుకునేవాళ్లు తప్పుగా చెబుతారు. ఆ తప్పుడు కథలో నేను మంచివాణ్ని. ఇన్నేళ్లూ దాన్ని అలాగే ఉండనిచ్చాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు, కనీసం మీరైనా, అసలు సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

నేను బొగ్గు తవ్వినవాణ్ని కాదు. గని కార్మికులకు తరగతులు చెప్పే బోధకుణ్ని. భద్రత, పొదుపు, మద్యం మానడం, పౌరుడి హక్కులు, ఇలా ఉండేవి మా పాఠాలు. ఒక్కో బాయి నుంచి కొందరిని పిలిపించి కూర్చోబెట్టేవాళ్లం. మా దగ్గర గనిని బాయి అంటారు. క్లాసుకు వచ్చిన రోజు డ్యూటీ కిందే లెక్క, మస్టరు పడుతుంది. కాబట్టి అందరూ వచ్చేవారు. వచ్చి నిద్రపోయేవారు. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లను ఏమనగలం?

మా సెంటరుకు ఇన్‌చార్జిగా ఉన్న పెద్దాయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉండేవాడు. నేను గొంతు పెంచి వాళ్లను లేపబోతే తలుపు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పేవాడు.

"పండుకోనియ్ తమ్మి. లేపితె ప్రశ్నలడుగుతరు."

అప్పుడు నాకు ముప్పై దాటాయో లేదో. ఆ మాట బద్ధకస్తుడి మాట అనిపించేది. ప్రశ్న అడిగే ఒక్క మనిషి దొరికితే చాలని ఎదురుచూసేవాణ్ని.

దొరికాడు. ఒక చిన్న భూగర్భ గనిలో హాలర్ నడిపేవాడు. హాలర్ అంటే లోపలి నుంచి బొగ్గు తొట్లను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం. దాన్ని నడిపేవాడికి లోపలివాళ్లు కనపడరు. వాళ్లు గంట కొడితేనే తాడు కదుపుతాడు, గంట కొడితేనే ఆపుతాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నేను అన్న అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవాడు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే అలవాటున్న మనిషి కాబట్టి పదిమందిలో మాట్లాడటానికి జంకేవాడు కాదు.

ఆ రోజు పాఠం పార్లమెంటు. నేను లోక్‌సభ గురించి ఏదో చెబుతున్నాను. సగం గది గురక పెడుతోంది. ఆయన చెయ్యెత్తాడు.

"సార్, అన్ని చేతులెత్తుడు మీదనే నడిస్తె చిన్న రాష్ట్రం ఎప్పుడు గెలుస్తది? పెద్ద రాష్ట్రపోళ్లు దాని మాట ఎందుకింటరు?"

నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకే రాజ్యసభ అని ఒకటి పెట్టారన్నాను. "లోక్‌సభలో జనాన్ని బట్టి సీట్లు. రాజ్యసభలో అలా కాదు. పెద్ద రాష్ట్రం, చిన్న రాష్ట్రం అని తేడా లేకుండా అందరికీ సమానం."

"అంటె సిక్కింకు గూడ యూపీకి ఉన్నన్నే?"

"అంతే అన్నా."

అది తప్పు. రాష్ట్రానికి రాష్ట్రం సమానంగా ఉండేది అమెరికాలో. మన రాజ్యసభలో కూడా జనాభాను బట్టే సీట్లుంటాయి. శిక్షణ కోసం ఒకసారి హైదరాబాదు పంపినప్పుడు నాలుగైదు దేశాల రాజ్యాంగాల గురించి విన్నాను. ఒక దేశానిది తెచ్చి ఇంకో దేశానికి అతికించాను. అతికించినట్టు నాకే తెలియలేదు. బోధకులకు ఈ జబ్బు ఉంటుంది. అడిగినవాడి ముఖం వెలిగితే చెప్పింది నిజమేననుకుంటాం.

ఆయన ముఖం నిజంగానే వెలిగింది. పక్కన నిద్రపోతున్నవాణ్ని మోచేత్తో పొడిచి, "ఇన్నవా?" అన్నాడు. వాడు ఉలిక్కిపడి లేచి, "షిఫ్టు అయిపోయిందా?" అన్నాడు.

ఆయనకు ఆ ప్రశ్న ఊరికే రాలేదని తర్వాత తెలిసింది. వాళ్ల కార్మిక సంఘం కౌన్సిల్లో అప్పటిదాకా బాయికొక కుర్చీ ఉండేది. బాయి ఎంత పెద్దదైనా ఒకటే, ఎంత చిన్నదైనా ఒకటే. దాన్ని మార్చాలని పెద్ద బాయి కార్యదర్శి పట్టుబట్టాడు. మెంబర్ల సంఖ్యను బట్టి కుర్చీలుండాలి, లెక్కకు అందని చిన్న బాయిలను పక్కనున్న పెద్ద బాయిలో కలిపేయాలి. ఇదీ ఆయన ప్రతిపాదన. చెడ్డవాడు కాదు. గనిలో పనిచేస్తూనే ప్రైవేటుగా లా చదివినవాడు, మాటకారి. ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు.

"మా బాయిల వెయ్యి మందికి ఒక్క చెయ్యి. మీ బాయిల రెండు వందల మందికి ఒక్క చెయ్యి. అంటె మావోళ్లు అయిదుగురు కలిస్తె మీవోడు ఒక్కడా? గిదెక్కడి ఇన్సాఫ్?" అని గేట్ మీటింగుల్లో అడిగేవాడు.

చిన్న బాయి వాళ్ల భయం వేరు. ఆ బాయిని మూసేస్తారని అప్పటికే వినపడుతోంది. మూస్తే మనుషులను ఎక్కడికి పంపాలో కంపెనీతో కూర్చుని మాట్లాడేది కౌన్సిలే. ఆ గదిలో వాళ్ల తరఫున ఒక్క మనిషి కూడా లేకపోతే ఎవరు ఎక్కడికి పోతారో ఎవరికి పట్టింది? ఆ బాయిలో మిగిలినవాళ్లలో చాలామంది యాభై దాటినవాళ్లు. వాళ్ల పిల్లలు గోదావరిఖని బడుల్లోనే చదువుతున్నారు.

ఆ సంగతి తేల్చడానికి సర్వసభ్య సమావేశం పెట్టారు. రాజ్యాంగం తెలిసినవాడినని నన్ను కూడా వేదిక మీద కూర్చోమన్నారు. నేను పొంగిపోయాను. నాలుగు మంచి మాటలు చెప్పాలని ముందురోజు పుస్తకం తెరిచాను. రాజ్యసభ పేజీ చదివాను. మళ్లీ చదివాను. సమానం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

సాయంత్రం స్కూటరు తీసుకుని వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. గడప దాటకముందే ఆయన గొంతు వినపడింది. ఇరుగుపొరుగు నలుగురినీ కూర్చోబెట్టి మర్నాటి ప్రసంగం వినిపిస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రాండ్రి సార్. గీ సారే నాకు చెప్పింది. మీరే ఇనుండ్రి, ఎట్లున్నదో."

ఆయన భార్య అప్పుడే కాల్చిన సర్వపిండి రొట్టె ప్లేట్లో తెచ్చి పెట్టింది. "మూడు దినాల సంది గిదే పని సార్. అన్నం తినుకుంట గూడ మాట్లాడుతుండు" అని నవ్వింది. నేను సర్వపిండి తిన్నాను. బాగుంది అన్నాను. పిండి గురించి అన్నానో ప్రసంగం గురించి అన్నానో వాళ్లకు తెలియదు. రేపు ఆయనకు మాట్లాడే అవకాశమే రాకపోవచ్చు, వచ్చినా రాజ్యసభ దాకా పోకపోవచ్చు అని నాకు నేను చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను.

మర్నాడు హాలు నిండిపోయింది. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మైకు ముందు నిలబడి రెండు క్షణాలు కళ్లు మూసుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"అన్నలారా, మా బాయి మొదటి సంది చిన్నది గాదు. మూడు షిఫ్టులు నిండుగ నడిచిన బాయి. కొత్తోళ్లను ఇగ తీసుకోం అని కంపెనీ అన్నది. సరే అన్నం. మిషిన్లొచ్చినయి, మనుషులు తగ్గాలె అన్నది. తగ్గినం. పైసలిస్తం, నౌకరి ఇడువుండ్రి అన్నది. ఇడిచిన్రు. గియ్యన్ని ఒప్పుకోమని మాకు చెప్పింది ఎవలు? గీ కౌన్సిలే గద. చెప్పినట్టు ఇన్నందుకే చిన్నగైనం. ఇప్పుడు చిన్నగున్నరు గావట్టి కుర్సీ లేదంటె, మాట ఇనుడే మా తప్పా?"

పెద్ద బాయి వాళ్లు కూర్చున్న వరుసల్లోంచే ఎవరో "నిజమే గద" అన్నారు. ఈ మధ్య టీవీలో పెద్ద పెద్ద నాయకులు దక్షిణాది రాష్ట్రాల తరఫున చెబుతున్న మాట ఇదే. నేను దీన్ని అంతకంటే బాగా, ఎన్నో ఏళ్ల ముందే, హాలర్ నడిపే మనిషి నోట విన్నాను.

అక్కడ ఆపి కూర్చుంటే బాగుండేది. నేను వేదిక మీద కూర్చుని, ఆపు అన్నా, ఆపు అని మనసులో మొక్కుకుంటున్నాను. ఆయన ఆపలేదు.

"నేను ఊకె అడుగుతలేను. ఢిల్లీల గూడ గిట్లనే ఉన్నది. రాజ్యసభల అన్ని రాష్ట్రాలకు సమానం. సిక్కింకు ఎన్నో యూపీకి అన్నే."

పెద్ద బాయి కార్యదర్శి మెల్లగా లేచాడు. ముఖంలో నవ్వు. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, ఒకరినొకరు బావ అని పిలుచుకునేవారు.

"బావా, సిక్కింకు ఎన్ని సీట్లు?"

"అందరికి ఎన్నో గన్ని."

"గదే, ఎన్ని?"

ఎన్నో నేను చెప్పలేదు. ఆయన నిలబడిపోయాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సిక్కింకు ఒక్కటి బావా. యూపీకి ముప్పై ఒక్కటి. నేను చెప్తె నమ్మకు. సార్ స్టేజి మీదనే ఉన్నరు. సార్, మీరు చెప్పుండ్రి. రాజ్యసభల అందరికి సమానమేనా?"

హాలర్ అన్న నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో భయం లేదు. సార్‌ను అడిగారు, ఇక ఫికర్ లేదు అన్నట్టు ఉంది. నాకు మైకు అందించారు.

"కాదు" అన్నాను. "జనాభాను బట్టే ఉంటాయి."

నేను నిజమే చెప్పాను. ఆ మాట ఇన్నేళ్లలో నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆయన అడిగినప్పుడు తెలియక అబద్ధం చెప్పాను, ఇప్పుడు తెలిసి నిజం చెప్పాను. ఆ నిజానికి ముందు "ఆయనకు తప్పు నేర్పింది నేనే" అన్న ఒక్క ముక్క మాత్రం నోట్లోంచి రాలేదు.

హాలర్ అన్న నన్ను ఒక క్షణం చూశాడు.

"అట్లనా సార్" అన్నాడు. వెళ్లి కూర్చున్నాడు.

హాలు పగలబడి నవ్వింది. నవ్వులు తగ్గకముందే చేతులెత్తించారు. చిన్న బాయి కుర్చీ పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఇన్‌చార్జి నా స్కూటరు వెనక కూర్చున్నాడు. దారిలో అసలు సంగతి చెప్పాను.

"ఎవ్వలకు చెప్పకు. సెంటరు పేరు పోతది. రెండు దినాలైతె ఎవనికి యాదుంటది?" అన్నాడు.

అప్పుడే నాకు ఇంకో సంగతి తట్టింది. సిక్కింకు ఒకటి. పెద్ద బాయి కార్యదర్శి తన నోటితోనే చెప్పాడు. రాజ్యసభలో కానీ, లోక్‌సభలో కానీ, ఎంత చిన్న రాష్ట్రానికైనా కనీసం ఒక్క సీటు ఉంటుంది. జనాభా చాలదని ఏ రాష్ట్రాన్నీ పక్క రాష్ట్రంలో కలిపి సున్నా చేయలేదు. లక్షద్వీప్‌లో ఉన్న కొద్దిమందికి కూడా లోక్‌సభలో ఒక సభ్యుడున్నాడు. హాలర్ అన్న అడిగిందీ ఆ ఒక్కటే. పెద్ద బాయితో సమానంగా ఇవ్వమని ఆయనకేమీ పంతం లేదు. పెద్ద బాయికి అయిదు ఇచ్చుకోండి, మా ఒక్కటి తీయకండి అంటే సరిపోయేది. నేను క్లాసులో సరిగ్గా చెప్పి ఉంటే అసలైన ఉదాహరణ ఆయన చేతిలోనే ఉండేది. క్లాసులో తప్పినా, వేదిక మీద ఇంకో రెండు వాక్యాలు మాట్లాడి ఉంటే చాలు. స్కూటరు వెనక్కి తిప్పుదామనుకున్నాను. "ఎటు పోతున్నవ్, ఇల్లు గిటు" అన్నాడు మా ఇన్‌చార్జి. ఇంటివైపే తిప్పాను.

ఆ తర్వాత బాయి మూసేశారు. దగ్గర్లో ఉన్న ఖాళీలు పెద్ద బాయి వాళ్లకు పోయాయి. కుట్రేమీ కాదు. గదిలో ఉన్నవాళ్లు తమ మనుషుల సంగతి చూసుకున్నారు, అంతే. చిన్న బాయి వాళ్లు తలో దిక్కూ పోయారు. హాలర్ అన్నకు మందమర్రి పడింది. పిల్లల చదువు చెడుతుందని ఇల్లు మార్చలేదు. రిటైరయ్యేదాకా రోజూ గోదావరి దాటి పోయి వచ్చాడు. ఫస్టు షిఫ్టు అయితే తెల్లవారకముందే బస్టాండులో ఉండేవాడు. కొన్నిసార్లు బస్సులోనే కనపడేవాడు. "నమస్తే సార్" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. నా క్లాసుకు మళ్లీ రాలేదు.

మా ఇన్‌చార్జి చెప్పినట్టు రెండు రోజుల్లో ఎవరూ మరిచిపోలేదు. మా బొగ్గుబాయిల దగ్గర ఒకసారి పేరు పడిందంటే పింఛను దాకా వెంట వస్తుంది. ఆయన కూతురు పెళ్లికి కార్డులు పంచితే జనం ఇంటిపేరు చూడకుండా "రాజ్యసభ బిడ్డ పెండ్లి" అన్నారు. కథ కూడా పెరిగింది. సార్ ముందే చెప్పాడట, వద్దన్నాడట, మొండివాడు వినలేదట. మా సెంటరు మూతపడి నేను యాభై దాటగానే ఉద్యోగం వదిలినప్పుడు వీడ్కోలు సభ పెట్టారు. అందులో ఒకాయన లేచి, "మా సార్ నెత్తి నోరు కొట్టుకొని చెప్పినా ఒకాయన ఇనకపాయె" అని ఇదే కథ చెప్పాడు. అందరూ నవ్వారు. నేను శాలువా కప్పించుకుని దండం పెట్టాను. అంతకంటే సిగ్గుపడాల్సిన పని నా జీవితంలో చేసినట్టు గుర్తులేదు.

మొన్నామధ్య బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో టీవీ మోగుతోంది. మళ్లీ అదే చర్చ. హాలర్ అన్న ఒక మూల కూర్చున్నాడు. పెద్ద బాయి కార్యదర్శి కూడా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఇద్దరూ రిటైరై అదే హోటల్లో అదే చాయ్ తాగుతారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే చాచా నవ్వుతూ అడిగాడు.

"క్యా రాజ్యసభ సాబ్, ఢిల్లీల మీ లొల్లే నడుస్తుంది. ఏమంటరు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. హాలర్ అన్న గ్లాసు టేబులు మీద టప్పున పెట్టాడు.

"ఏమనాలె? ఏమన్న అంటె మల్ల ఇంకో పేరు పెడ్తరు."

ఎందుకో ఆ రోజు నేను లేచి బయటికి పోలేకపోయాను. చెప్పేశాను. క్లాసులో తప్పు చెప్పింది నేనని, ముందురోజే తెలిసినా ఇంటికి వెళ్లి పిండి తిని వచ్చానని, వేదిక మీద నోరు మూసుకున్నానని. సిక్కింకు ఒకటి అన్న మాట సంగతి కూడా చెప్పాను. నా గొంతు క్లాసు చెప్పినట్టే ఉంది. నాకే చిరాకేసింది.

హాలర్ అన్న నా వైపు తిరిగాడు.

"తప్పని నాకు గా దినమే ఎరికైంది సార్. అందరి ముందలనే చెప్తిరి గద. మీరు చెప్పిందే చెప్పిన అని నేను గూడ అనొచ్చు. అనలే. మీ నౌకరి ఉంటదో పోతదో అనుకున్న. తర్వాతన్న మీరు లేచి చెప్తరేమో అని జూసిన. గా దినం గాకపోతె తెల్లారి. గది గాకపోతె బస్సుల. బస్సుల గూడ జూసిన సార్."

పెద్ద బాయి కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"నేను గూడ సార్‌నే జూసిన బావా గా దినం. సిక్కింకు ఒక్కటి అని నోరు జారిన. జారంగనే దొరికిపోయిన అనుకున్న. మీరు అడిగేది గదే ఒక్కటి. సార్ గా మాట పట్టుకుంటె నేను కూసుండుడే. మావోళ్లు సగం మంది అప్పటికే నీ దిక్కు తిరిగిన్రు. సార్ 'కాదు' అని ఊకున్నడు. నేను జల్ది జల్ది చేతులెత్తిచ్చిన."

"ఎరికుండి ఎత్తిచ్చినవా?"

"ఎరికుండే."

హోటల్లో ఎవరూ నవ్వడం లేదు. టీవీలో మాత్రం ఇంకా అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. హాలర్ అన్న లేచి లుంగీ సర్దుకున్నాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఒకలు తప్పు చెప్పిన్రు. ఒకలు తప్పు పట్టిన్రు. ఇద్దరు సదువుకున్నోళ్లే" అన్నాడు. "మందమర్రి బస్సు మాత్రం నేనెక్కిన."

చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.